గోదారి పొంగిన రోజు తేదీ 1-1-2000

2022 జులై వరద తీసిన మూడో రోజో నాలుగో రోజో, శబరి మీద ఒక వంతెన దగ్గర స్తంభం ఎక్కి డబ్బా తాళం తీశాను. తాళం అంత తేలిగ్గా రాలేదు. కొబ్బరినూనె పోసి పది నిమిషాలు ఆగాల్సి వచ్చింది. లోపల ఒక మూల కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు, ఇంకో మూల బల్లిగుడ్ల పెంకులు. బోర్డు మీద పచ్చ లైటు మాత్రం నిదానంగా వెలిగి ఆరుతోంది. బతికే ఉంది. ల్యాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి రికార్డులు దింపాను. 11వ తేదీ ఉంది, 12 ఉంది, 13 తెల్లవారుజాము 2:15 దాకా వరసగా ఉంది. దాని కింది వరసలో తేదీ 01-01-2000. టైము 00:00.

కింద గొడుగు పట్టుకుని నిలబడ్డ, ఏటి నీటిమట్టం రాసే గేజి బాబాయి తలెత్తి, "ఏం బాబూ, ఉందా నీళ్ల లెక్క?" అన్నాడు.

"నీళ్లున్నాయి బాబాయ్. రోజులే లేవు," అన్నాను.

నేను 2009లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతిలో పట్టుకుని ఈ పనిలోకి వచ్చాను. వాగుల మీదా, ఏళ్ల మీదా, కొండల్లో వాననీటి కొలతకీ పెట్టిన యంత్రాలని చూసుకోవడం మా పని. కాగితాల మీద ఆ యంత్రం పేరు డేటా లాగరు, మా నోట్లో డబ్బా. వంతెన కిందికి చూస్తూ ఒక రాడార్ సెన్సరు ఉంటుంది. నీటి పైభాగం తనకి ఎంత దూరంలో ఉందో అది చూస్తుంది. దూరం తగ్గిందంటే నీరు పెరిగినట్టు. డబ్బా పావుగంటకోసారి ఆ లెక్క అడిగి, దాని పక్కనే వాన, బ్యాటరీ ఓల్టేజి, సోలార్ ప్యానెల్ ఓల్టేజి, డబ్బా లోపలి వేడి కూడా రాసుకుంటుంది. గంటకోసారి సిమ్ కార్డు ద్వారా ఆఫీసుకి పంపుతుంది.

జనం అనుకునేంత పెద్ద డేటా కాదిది. ఒక రికార్డు 32 బైట్లు. రోజుకి 96 రికార్డులు, అంటే 3 కిలోబైట్లు. ఏడాది మొత్తం కలిపినా ఒక మెగాబైటు చిల్లర. పెళ్లి ఫోటో ఒకటి ఫోన్లో ఇంతకన్నా ఎక్కువ చోటు తింటుంది. 8 మెగాబైట్ల చిప్పు ఒకటి పెడితే ఏడేళ్ల ఏటి చరిత్ర అందులో పడుతుంది. చోటు ఎప్పుడూ సమస్య కాలేదు.

"కరెంటు పోతే డేటా పోతుందా?" అని కొత్తగా వచ్చిన ప్రతి ఆఫీసరూ అడుగుతాడు. పోదండీ అని చెబుతాను. అది నిజమే గానీ, మొత్తం నిజం కాదు.

ఒకప్పుడు పోయేది. నేను చేరిన కొత్తలో ఉన్న పాత డబ్బాల్లో మెమరీ బతకాలంటే దానికి నిరంతరం కాస్త కరెంటు అందుతూ ఉండాలి. పెద్ద బ్యాటరీ ఆగినా అది అందడానికి బోర్డు మీద చిన్న బటన్ సెల్ ఉండేది, రూపాయి బిళ్లంత. ఒక వాగు దగ్గర ఆ సెల్ మార్చమని నన్ను పంపారు. చదువుకునేటప్పుడు మా మాస్టారు నేర్పిన మొదటి పాఠం, మూత తీసేముందు కరెంటు ఆపమని. శ్రద్ధగా ఆపాను. పాత సెల్ తీశాను, కొత్తది పెట్టాను, స్విచ్చి వేశాను. రికార్డులు సున్నా. 38 రోజుల లెక్క, తుమ్మినంత సేపట్లో. పెద్ద బ్యాటరీ నడుస్తుండగానే సెల్ మార్చాలని నాకెవరూ చెప్పలేదు, చెబుతారని నేను అడగనూ లేదు. ఆ సాయంత్రం మా సీనియర్ తిట్టలేదు. "డబ్బా మీద నీ పేరు రాసిపెట్టు, ఇంకెవడూ మర్చిపోడు" అన్నాడంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పటి డబ్బాల్లో ఫ్లాష్ మెమరీ. దానికి కరెంటు లేకపోయినా ఏళ్లతరబడి రాసింది రాసినట్టే ఉంటుంది. ఇది పలక లాంటిది. బలపంతో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ రాసుకోవచ్చు. కానీ ఒక్క అక్షరం చెరపడం కుదరదు, చెరిపితే ఒక గడి మొత్తం చెరపాలి. ఆ గడి 4 కిలోబైట్లు. రాయడానికి పట్టేది ఒకటి రెండు మిల్లీసెకండ్లు. చెరపడానికి మామూలుగా 50 మిల్లీసెకండ్ల దాకా పడుతుంది, చిప్పు పాతబడితే ఇంకా ఎక్కువ. కనురెప్ప వేసే సమయంలో ఎన్నోవంతో కదా, దీని గురించి ఇంత గొడవెందుకు అనిపిస్తుంది. కరెంటు ఆగిపోయేది ఎప్పుడూ ఆ రెప్పలోనే.

హైదరాబాదులో ఈ బోర్డుల లోపలి ప్రోగ్రాము రాసే కుర్రాడొకడు నాకు దీన్ని విప్పి చెప్పాడు. సప్లయి పడిపోతున్నట్టు బోర్డు పసిగట్టిన క్షణం నుంచి, కెపాసిటరులో మిగిలిన ఊపిరితో దానికి ఓ 50 మిల్లీసెకండ్లు దొరుకుతాయట. ఆలోగా చేతిలో ఉన్న రికార్డు రాసేసి కళ్లు మూసుకోవాలి. రాయడానికి చాలు, చెరిపి రాయడానికి చాలదు. అందుకని తర్వాత కావాల్సిన గడిని ముందే, తీరికగా ఉన్నప్పుడే చెరిపి పెట్టుకోవాలి. ఇంట్లో ఆడవాళ్లు రాత్రే పప్పు నానబోసుకోరూ, అలాగ. ఇంకోటి, ప్రతి రికార్డు చివర దాని అంకెలన్నీ కలిపిన ఒక లెక్క ఉంటుంది. కొట్టు చిట్టా కింద కూడిక లాంటిది. కరెంటు వచ్చాక డబ్బా ముందుగా ఆఖరి రికార్డు కూడిక సరిచూస్తుంది. తప్పితే ఆ ఒక్కదాన్నీ పక్కనపెట్టి ముందుకెళ్తుంది. సగం రాసిన దాన్ని నిజమని నమ్మడం కన్నా ఒక పావుగంట పోగొట్టుకోవడం నయం.

కొందరు ఖర్చు కలిసొస్తుందని ఫోన్లో వాడే మెమరీ కార్డు గుచ్చి వదిలేస్తారు. నేను వాటి పక్షం కాదు. రాస్తుండగా కరెంటు పోతే పోయేది ఆ ఒక్క రికార్డే కాదు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా. పుస్తకంలో పేజీలన్నీ ఉంటాయి, ఏది ఎక్కడో తెలియదు. అలాంటి కార్డులు మూడు ఇప్పటికీ నా డ్రాయరులో ఉన్నాయి.

ఈ లోపలి సంగతి సరిగ్గా ఉన్నా, కరెంటు ఒక్కసారి పోయి ఊరుకోదు. మా స్టేషన్లకి ఎక్కువగా సోలార్ ప్యానెలూ, 12 ఓల్టుల బ్యాటరీయే దిక్కు. మబ్బు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే బ్యాటరీ నీరసిస్తుంది. 11 ఓల్టులకి పడగానే డబ్బా ఆగుతుంది. ఆగగానే మోత తగ్గింది కనుక బ్యాటరీ కాస్త తేరుకుని 11.3 చూపిస్తుంది. డబ్బా లేస్తుంది. లేచీ లేవగానే మోడెం నోరు తెరిచి ఒక్క గుక్క కరెంటు లాగుతుంది. మళ్లీ 11 కిందికి. రాత్రంతా ఇదే భాగోతం. ఒక స్టేషన్లో పొద్దున్నకి 400 సార్లు లేచి పడుకున్న లెక్క చూశాను. నాకు భయం కరెంటు పోవడం కాదు, ఇలా వచ్చీ రానట్టు రావడం. మందు సులువే. 11.4 దగ్గర ఆపెయ్యాలి, 12.5 వస్తే గానీ లేవనివ్వకూడదు. ఆ రెండు అంకెల మధ్య దూరం ఉంచడం తెలియక ఎన్ని బ్యాటరీలు తగలేశామో.

పైగా వరదలప్పుడు మోడెమే పెద్ద తిండిపోతు. నీళ్లు స్తంభాల మొదళ్లకి వస్తుంటే విద్యుత్తు వాళ్లు లైన్లు ఆపేస్తారు, ఆపాలి కూడా. ఊళ్లో కరెంటు లేకపోతే సెల్ టవరు కొన్ని గంటలు తన బ్యాటరీ మీద, తర్వాత జనరేటరు మీద నడుస్తుంది. రోడ్డు మునిగితే డీజిలు రాదు. టవరు ఆగుతుంది. సిగ్నల్ లేని చోట మన ఫోన్ చార్జింగు తొందరగా ఎందుకు అయిపోతుందో, మా డబ్బాకీ అదే గతి. టవరు కోసం వెతికి వెతికి, ఉన్న కాస్త బలం దానికే పోసేస్తుంది. మూడుసార్లు అడిగి దొరక్కపోతే ఆరు గంటలు ఊరుకో అని ఇప్పుడు సెట్టింగు పెడుతున్నాం. రాసుకోవడం ముఖ్యం, చెప్పేది తర్వాత చెప్పుకోవచ్చు.

తర్వాత చెప్పుకోవచ్చు అంటే వినేవాడుండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక ఆ వైపు కరెంటూ టవర్లూ రోజుల తరబడి లేవు. డబ్బాలు మాత్రం రాసుకుంటూ కూర్చున్నాయి. టవర్లు లేచిన రోజు ఒక్కసారిగా పాత రికార్డులన్నీ పంపడం మొదలెట్టాయి. ఆఫీసు స్క్రీను మీద మాత్రం ఒక్కటీ కనబడదు. రెండు రోజులు అవతలి వైపు తప్పని ఇవతలివాళ్లు, ఇవతలి వైపు తప్పని అవతలివాళ్లు. చివరికి తేలిందేమంటే, ఆరు గంటలకన్నా పాతబడిన రికార్డు వస్తే తోసెయ్యమని సర్వరులో ఎవరో ఎప్పుడో రాసి ఉంచారు. తప్పుడు తేదీలు రాకుండా ఉండాలని మంచి ఉద్దేశంతోనే రాశారట. తుపాను డేటా అంతా గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. డబ్బా పంపినదాన్ని వెంటనే చెరిపేసే రకం కాకపోబట్టి సరిపోయింది. కూలిన చెట్లు దాటుకుంటూ స్టేషను స్టేషనుకీ వెళ్లి కేబుల్ పెట్టి దింపుకొచ్చాం. అప్పటి నుంచి నాది ఒకటే పట్టు: పంపింది పంపినట్టు చెరిపే యంత్రాన్ని నేను సంతకం పెట్టి తీసుకోను.

ఇక శబరి దగ్గరికి వస్తాను.

ఫ్లాష్ మెమరీకి కరెంటు అక్కర్లేదు గానీ, గడియారానికి కావాలి. బోర్డు మీద గడియారపు చిప్పు ఒకటి ఉంటుంది. దాన్ని మేము ఆర్‌టీసీ అంటాం. కొత్తగా చేరిన కుర్రాడితో ఫోన్లో "చింతూరు దగ్గర ఆర్‌టీసీ ఆగిపోయిందిరా" అంటే, "అయితే జీపు మాట్లాడుకుని వచ్చెయ్యండన్నా" అన్నాడు పాపం. ఈ ఆర్‌టీసీకి పెద్ద బ్యాటరీ లేనప్పుడు అన్నం పెట్టేది ఆ రూపాయి బిళ్ల సెల్లే. అది తినేది మైక్రో ఆంపియరులో సగం కూడా ఉండదు. సెల్ సామర్థ్యం 220 మిల్లీ ఆంపియర్ అవర్లు. కాగితం మీద భాగిస్తే 50 ఏళ్లు వస్తుంది. గోదారి తేమలో సెల్‌ని పట్టుకునే రేకు తుప్పు పడితే నాలుగేళ్లకే కథ ముగుస్తుంది. పెద్ద బ్యాటరీ ఉన్నంతకాలం ఆ సంగతి ఎవరికీ తెలియదు. పెద్దది ఆగి మళ్లీ లేచిన రోజున గడియారం తను పుట్టిన తేదీ చెబుతుంది. మా చిప్పుకి అది 2000 జనవరి 1.

ఆ జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 16వ తేదీన 71.3 అడుగులకి చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే. గోదావరి అలా నిండితే కూనవరం దగ్గర కలవాల్సిన శబరికి దారుండదు. వెనక్కి తంతుంది. ఎగపోటు అంటారు. పైన వానలు లేకపోయినా ఊళ్లు మునుగుతాయి. అందుకే అక్కడ నీరు ఏ గంటకి ఎంత పెరిగిందన్న లెక్కకి అంత విలువ. గోదావరి లేచిన ఎన్ని గంటలకి శబరి లేస్తుందో తెలిస్తే, పై ఊళ్ల వాళ్లకి గొడ్డూ గోదా తోలుకుని మెరక ఎక్కడానికి అన్ని గంటలు దొరుకుతాయి. తేదీ లేని నీటిమట్టం ఆ లెక్కకి పనికిరాదు.

నా దగ్గరున్నది ఏమిటంటే, నాలుగు ముక్కలు. నాలుగూ 2000 జనవరి 1 అర్ధరాత్రే మొదలవుతాయి. పగలు మబ్బు చాటునుంచి వచ్చిన వెలుగుకి డబ్బా లేచింది, చీకటి పడ్డాక ఎప్పుడో ఆగింది, మర్నాడు మళ్లీ లేచి మళ్లీ కొత్త శతాబ్ది మొదలెట్టింది. తేదీ ప్రకారం వరసపెడితే నాలుగు రోజుల నీళ్లూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రికార్డుకో వరస నంబరు ఉండబట్టి బతికాను. గడియారం తప్పినా ఆ నంబరు తప్పదు, ఒకటి తర్వాత ఒకటి. ఏ ముక్క ముందో ఏది వెనకో తేలింది. ఎప్పుడన్నది తేలలేదు.

అప్పుడు బాబాయి తన సంచిలోంచి పాలిథిన్ కవర్లో చుట్టిన పొడుగు నోటుపుస్తకం తీశాడు. ఒడ్డున మెట్టుమెట్టుకీ పాతిన గేజి పలకలు చూసి రోజూ నీటిమట్టం రాయడం ఆయన ఉద్యోగం. మామూలు రోజుల్లో మూడుసార్లు, వరదలో గంటగంటకీ. ఆ నాలుగు రోజులూ గంట తప్పకుండా రాశాడు. రాత్రిళ్లు టార్చి వెలుగులో రాసినవి వంకర్లు పోయాయి. ఒకచోట పేజీ తడిసి నీలం సిరా అలుక్కుపోయింది. అన్నిటికన్నా పైనున్న పలక కూడా మునిగాక, రామాలయం మెట్లు లెక్కపెట్టి రాశాడు: "గుడి 5వ మెట్టు నిండా", "గుడి 6 సగం". మా యంత్రం ఖరీదు నాకు తెలుసు. ఆ పుస్తకం వెనక అట్ట మీద 30 రూపాయలని అచ్చయి ఉంది.

ఆ రాత్రి చింతూరు లాడ్జిలో ఇద్దరం కూర్చున్నాం. కరెంటు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఆయన గంటల లెక్కని గీతగా గీసి, నా ముక్కలని దాని మీద పెట్టి అటూ ఇటూ జరుపుతూ పోయాను. నీరు జోరుగా పెరుగుతున్న చోట ఇది తేలిక, గీత నిటారుగా ఉంటుంది కాబట్టి పావుగంట తేడా ఉన్నా ఇట్టే పట్టిస్తుంది. మొదటి రెండు ముక్కలూ అలా కూర్చున్నాయి. మూడోది కొంత సతాయించింది. నాలుగోది అసలు కుదరలేదు. అది శిఖరం. నీరు అంతెత్తుకి వెళ్లి అక్కడే గంటలకొద్దీ నిలబడి పోయింది. గీత బల్లపరుపు. దాన్ని ఎటు జరిపినా సరిపోయినట్టే కనిపిస్తుంది. అందరూ అడిగేది ఆ గంట గురించే.

బాబాయి నిద్రపోయాడు. నేను నీటి కాలమ్ వదిలేసి పక్క కాలమ్‌ల వెంట చూపు తిప్పుతున్నాను, ఏం వెతుకుతున్నానో తెలియకుండానే. ప్యానెల్ ఓల్టేజి. 17, 17, 16, 14, 8, 2, 0. పొద్దు గూకింది.

మబ్బు ఎంత ఉన్నా, సూర్యుడు దిగినప్పుడు ప్యానెల్ పడిపోయే తీరు వేరు. మబ్బుకి అది ఊగుతుంది, అస్తమయానికి జారుతుంది. జులై మధ్యలో ఆ వైపు పొద్దు గూకేది ఆరూ ముప్పావు ప్రాంతంలో. తేదీలు చెడని 11, 12వ తేదీల్లో ప్యానెల్ ఏ నిమిషానికి సున్నాకి వచ్చిందో చూసి, దాన్నే తెచ్చి నాలుగో ముక్కకి తగిలించాను. కూర్చుంది. మూడో ముక్కని కూడా అలాగే సరిచేశాను. బ్యాటరీ ఆరోగ్యం చూసుకోవడానికి పెట్టుకున్న కాలమ్ అది. రిపోర్టుల్లో దాన్ని ఎవరూ చదవరు. చోటు దండగ, తీసెయ్యమని ఒకసారి మీటింగులో చర్చ కూడా జరిగింది.

అయినా ఏడు నిమిషాల తేడా ఒకటి మిగిలింది. సూర్యుడి ప్రకారం నా మొదటి మూడు ముక్కలూ బాబాయి పుస్తకం కన్నా ఏడు నిమిషాలు వెనకున్నాయి, మూడూ సమానంగా. పావుగంట రికార్డుల్లో ఏడు నిమిషాలు వదిలేసినా ఎవరూ అడగరు. పొద్దున్నే టీ తాగుతుంటే ఆయన ముంజేతి వాచీ వైపు చూశాను. నా ఫోనుతో పోల్చాను. ఏడు నిమిషాలు ముందుంది. ఆయన్ని అడిగితే, బస్సు తప్పిపోకుండా తనే అలా పెట్టుకున్నానన్నాడు, పదేళ్లయిందన్నాడు.

లెక్క పంపేటప్పుడు ఒక పేచీ వచ్చింది. ముక్కకీ ముక్కకీ మధ్య డబ్బా ఆగిపోయిన రాత్రుళ్లు ఉన్నాయి. ఆ గంటలు ఖాళీ. ఆఫీసు సాఫ్ట్‌వేరుకి ఖాళీ అంటే పడదు, సున్నా నింపుతుంది. అంత వరదలో రాత్రయ్యేసరికి శబరి అడుగంటినట్టు, పొద్దున్నే మళ్లీ పొంగినట్టు గ్రాఫు వచ్చింది. పోనీ ముందు విలువే కొనసాగించమన్నారు. అలా చేస్తే నీరు రాత్రంతా కదలకుండా నిలబడినట్టు అవుతుంది, చూడ్డానికి నిజంలాగే ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. సున్నా అబద్ధమని చూడగానే తెలుస్తుంది కనీసం. నేను ఖాళీ ఖాళీగానే ఉంచమని, బాబాయి పుస్తకంలోని గంటల లెక్కని వేరే రంగులో, చేత్తో కొలిచినదని రాసి పెట్టమని పట్టుబట్టాను. మూడు ఉత్తరాలు నడిచాయి. చివరికి ఒప్పుకున్నారు. రంగు మాత్రం వాళ్లిష్టం, గులాబీ పెట్టారు.

గుడి మెట్ల లెక్కని అడుగుల్లోకి మార్చడానికి నీళ్లు పూర్తిగా తీశాక మళ్లీ వెళ్లి లెవెల్ యంత్రం పెట్టి కొలిచాం. 5వ మెట్టు మిగతావాటి కన్నా అంగుళమున్నర ఎత్తు ఎక్కువ. కట్టిన మేస్త్రీ చలవ.

ఇప్పుడు మేలోనే, వానలకి ముందు, ప్రతి డబ్బాకీ సెల్ మారుస్తున్నాం. బాగున్నా సరే, మూడేళ్లు దాటితే మార్చడమే. పెద్ద బ్యాటరీ నడుస్తుండగానే. మార్చిన తేదీ మూత లోపలివైపు మార్కర్‌తో రాస్తాం. జీపీఎస్ ఉన్న కొత్త డబ్బాలు కొన్ని వచ్చాయి, ఆకాశం కనబడితే అవే టైము సరిచేసుకుంటాయి. అన్నిచోట్లా రాలేదు.

మొన్న మేలో శబరి వంతెన దగ్గరికి వెళ్లాను. స్తంభం ఎక్కి, సెల్ మార్చి, తేదీ రాసి దిగాను. బాబాయికి రిటైర్మెంటు దగ్గరపడింది. పుస్తకం కొత్తది, అదే పాలిథిన్ కవరు. టైము సరిచూద్దామని చెయ్యి చాపమన్నాను. వాచీ ముళ్లు నాలుగూ పది దగ్గర ఆగి ఉన్నాయి.

"సెల్ అయిపోయినట్టుంది బాబూ, నీ దగ్గరుందా ఒకటి?" అన్నాడు.

సంచిలో పన్నెండు ఉన్నాయి. ఒక్కటీ దానికి పట్టే సైజు కాదు.